ముప్పై ఎనిమిది మంది గల్లంతు

సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గాలో, ఎప్పుడు ముందుకు రావాలో నిర్ణయించే అధికారం ఇంతకాలం చంద్రుడి చేతిలో ఉండేది. రెండేళ్ళ కిందట ఆ అధికారం మా విశ్వవిద్యాలయంలోని క్షేత్ర పర్యటనల విభాగానికి బదిలీ అయింది. (ఉత్తర్వు ప్రతి ఒకటి చంద్రుడికి పంపినట్టు ఫైల్లో ఉంది. జవాబు రాలేదు కాబట్టి అభ్యంతరం లేదని భావించారు.)

ఆ విభాగం మొదటి అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఉంటుంది. ఒక సూపరింటెండెంటు, రెండు బల్లలు, ఒక ప్రింటరు, సముద్రం బొమ్మ ఉన్న క్యాలెండరు. సూపరింటెండెంటు గారు సముద్రాన్ని చూసింది ఆ క్యాలెండర్లోనే. కిటికీ తీస్తే అసలు సముద్రం కనిపిస్తుంది గానీ, కాగితాలు ఎగురుతాయని తియ్యరు.

ఇక సముద్ర జీవావరణ శాస్త్రంలో పరిశోధన చేసే ఒక అమ్మాయి ఉంది. డిపార్టుమెంటులో అందరూ ఆమెను నత్తమ్మ అంటారు. తీరంలో ఒక నల్లరాయి ఉంది. ఆ రాయిని పట్టుకుని టోపీల్లాంటి చిప్పలతో నత్తలు బతుకుతాయి. వాటిలో రెండు వందల పన్నెండింటి వీపు మీద ఆమె తెల్లటి గోళ్ళరంగుతో చుక్క పెట్టి, సన్నని నల్లపెన్నుతో ఒక్కో అంకె వేసింది. ఎండలు పెరిగితే ఏవి బతుకుతాయి, ఏవి పోతాయి అన్నది ఆమె ప్రశ్న. జవాబు కోసం రెండేళ్ళలో నాలుగుసార్లు వాటిని లెక్కపెట్టాలి. చివరి రెండూ వానలకు ముందు, వారం తేడాతో. మూడు అయ్యాయి. నాలుగోది మిగిలింది.

మూడో లెక్కలో నూట డెబ్బై నాలుగే తేలాయి. ముప్పై ఎనిమిది పోయాయి. ఎండవైపు ముప్పై అయిదు, నీడవైపు మూడు. ఆ రోజు నత్తమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూసుకుంది. రెండేళ్ళ చదువు ఆ రెండు అంకెల్లోకి వచ్చి కూర్చుంది. తర్వాత గట్టెక్కి, నిబంధన ప్రకారం యాప్ తెరిచింది.

యాప్ పేరు క్షేత్రమిత్ర. తీరానికి వెళ్ళే ప్రతివారూ అందులో వివరాలు ఎక్కించాలి. అందులో అంకెలు పట్టే గడి ఒక్కటే ఉంది. గడి ఖాళీగా వదిలేస్తే యాప్ ముందుకు కదలదు. మొదటి లెక్క నాడు నత్తమ్మ ఆ గడిలో ఒకటి నుంచి రెండు వందల పన్నెండు దాకా నత్తల నంబర్లు కొట్టింది. యాప్ సంతోషించి ఆకుపచ్చ టిక్కు వేసింది. ఆ గడి పర్యటనలో పాల్గొనే విద్యార్థులదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. (చెప్పే పేజీ ఉంది. లాగిన్ అయ్యాక తెరుచుకోదు.)

మూడో లెక్క నాడు తేలిన నూట డెబ్బై నాలుగు నంబర్లే కొట్టింది. కాబట్టి ఆ సాయంత్రం నాలుగూ యాభైకి సూపరింటెండెంటు గారి ఫోనుకు ఒక సందేశం వచ్చింది: సముద్రంలోకి దిగిన మీ విద్యార్థుల్లో ముప్పై ఎనిమిది మంది తిరిగి రాలేదు.

ఆయన కంగారు పడలేదు. ఆఫీసు మూసే వేళకు పది నిమిషాలే ఉంది. ఉదయం చూద్దామని బల్ల సర్దుకున్నాడు. మర్నాడు పదిన్నరకు నత్తమ్మను పిలిపించాడు.

"ముప్పై ఎనిమిది మంది ఎక్కడమ్మా?"

"చచ్చిపోయాయి సార్."

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అలాంటి మాట మెల్లగా చెప్పాలి. ముందు కూర్చో."

"అవి నత్తలు సార్."

"ఎవరైనా కానీ. నంబరు ఇచ్చాక మాకు అందరూ ఒకటే."

"వాటిని తీసేయండి సార్. తప్పు నాదే. వచ్చే గురువారం తెల్లవారి అయిదూ నలభైకి చివరి లెక్క చెయ్యాలి. ఆ తర్వాత వానలు. నాలుగు నెలలు అలలు ఆ రాయిని వదలవు. ఈలోగా నా గడువు అయిపోతుంది."

"చేర్చడానికి బటన్ ఉంది, తీసేయడానికి లేదు," అన్నాడాయన. "విద్యార్థుల్ని తీసేసే పద్ధతి మన దగ్గర ఎప్పుడూ లేదు. వాళ్ళే పోతారు. ఇంతమంది గల్లంతైన జట్టుకు మళ్ళీ అనుమతి ఎలా ఇమ్మంటావు? నన్నడిగితే సమాధానం చెప్పుకోవద్దూ?"

అప్పుడాయన స్క్రీను ఆమె వైపు తిప్పాడు. విద్యార్థి స్థితి అన్న చోట మూడు అవకాశాలు ఉన్నాయి: హాజరు, గైర్హాజరు, చదువు మానేశారు. చనిపోవడం అందులో లేదు. అది పురపాలక శాఖ పరిధిలోకి వస్తుంది.

నత్తమ్మ గైడ్ సారు దగ్గరికి పరిగెత్తింది. ఆయన తలుపు మూసి, గొంతు తగ్గించి, "వాళ్ళు ఏది అడిగితే అది రాసిచ్చెయ్ తల్లీ. నీ సిద్ధాంత గ్రంథంలో మాత్రం నిజం రాసుకో. దాన్ని ఎలాగూ ఎవరూ చదవరు," అని ధైర్యం చెప్పాడు.

ఆమె వెనక్కి వచ్చి ముప్పై ఎనిమిదింటికీ చదువు మానేసినట్టు నమోదు చేసింది. యాప్ కారణం అడిగింది. ఆరోగ్యం అని కొడితే డాక్టరు చీటీలు కావాలంది. కుటుంబ సమస్యలు అని కొడితే కుటుంబాన్ని పిలవమంది. ఉద్యోగం వచ్చింది అని కొట్టగానే ఆకుపచ్చ టిక్కు పడింది.

రెండు రోజుల్లో విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద బ్యానరు లేచింది. ఈ ఏడాది మా విద్యార్థుల్లో నలభై ఒక్కరికి ఉద్యోగాలు, అని. (మిగతా ముగ్గురిలో ఒకరు ఆ బ్యానరు కట్టినతను.) కులపతి గారు ఆ జట్టును ప్రత్యేకంగా అభినందించారు. ఎండవైపు వాళ్ళే ఎక్కువగా ఎందుకు రాణించారో అధ్యయనం చేసి, నీడవైపు వాళ్ళను కూడా ఎండలోకి మార్చే అవకాశం పరిశీలించమన్నారు.

సోమవారం నత్తమ్మకు అమ్మ ఫోన్ చేసింది.

"లెక్క ఇంకా అవ్వలేదా? అవేమన్నా పరిగెడతాయా ఏమిటే?"

"అవి కదలవమ్మా. కదలాల్సింది ఫైలు."

"పోనీ నువ్వే వెళ్ళి లెక్కపెట్టెయ్. ఎవరు చూస్తారు?"

"అనుమతి నంబరు లేకుండా చేసిన లెక్క చెల్లదు. గ్రంథంలో ఆ నంబరు ముందు పేజీలోనే వెయ్యాలి."

"మీ అత్త కూతురు ఏదో కంప్యూటరు చదువు చదివి ఆర్నెల్లలో బయటపడింది," అంది అమ్మ.

మంగళవారం ఇంకో చిక్కు బయటపడింది. ఇన్ని ఉద్యోగాలు తెచ్చిన జట్టును కాపాడుకోవాలని విభాగం నిర్ణయించింది. మిగిలిన నూట డెబ్బై నాలుగు మందీ తెల్లవారకముందు నీళ్ళలో ఉంటున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ సంరక్షకుల అంగీకార పత్రం కావాలి.

"వాటికి తల్లిదండ్రులు ఎవరో నాకెలా తెలుస్తుంది సార్? గుడ్లు నీళ్ళలో వదిలేసి పోతాయి," అంది నత్తమ్మ.

సూపరింటెండెంటు గారు నిట్టూర్చాడు. "ఈ కాలం తల్లిదండ్రులు అలాగే ఉన్నారమ్మా. ఇన్నాళ్ళూ వాళ్ళ బాగోగులు చూసింది ఎవరు?"

"నేనే."

"మరి నువ్వే పెట్టెయ్."

ఆమె నూట డెబ్బై నాలుగు సంతకాలు పెట్టింది. వందో పత్రం దగ్గర పెన్ను అయిపోతే సూపరింటెండెంటు గారు తన పెన్ను ఇచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. బుధవారం సాయంత్రం అనుమతి మంజూరైనట్టు సందేశం వచ్చింది. నత్తమ్మ ఆ పూట కడుపునిండా తిని, అయిదు గంటలకు అలారం పెట్టుకుని పడుకుంది.

గురువారం అయిదుంబావుకు తీరం గేటు దగ్గర ఉంది. వెలుతురు వస్తోంది. దూరంగా నల్లరాయి నడుము దాకా బయటపడింది. తెల్లచుక్కలు కూడా లీలగా కనిపిస్తున్నాయి. గేటు కాపలా మనిషి టాబ్లెట్ తెరిచి, వేలితో పైకీ కిందికీ జరిపాడు.

"మీ పేరు లేదమ్మా."

"అనుమతి వచ్చింది బాబాయ్. చూడు, నా ఫోన్‌లో ఉంది."

"వచ్చింది. నూట డెబ్బై నాలుగు మందికి వచ్చింది. అందరూ లోపలే ఉన్నారు, హాజరు కూడా పడింది. మీది వేరే పేజీలో ఉంది." అతను కళ్ళు చికిలించి చదివాడు. "సంరక్షకురాలు. ఒకే మనిషి సంరక్షకురాలిగానూ పరిశోధకురాలిగానూ ఉండకూడదట. పక్షపాతం వస్తుందట."

"బాబాయ్, గంటన్నరలో నీళ్ళు వచ్చేస్తాయి. రెండేళ్ళ పని. నువ్వు రోజూ చూస్తున్నావుగా నన్ను."

"చూస్తున్నాను కాబట్టే చెబుతున్నానమ్మా. తాళం నా చేతిలో లేదు, ఇదిగో ఈ పలకలో ఉంది. అది ఒప్పుకుంటేనే గేటు తెరుచుకుంటుంది." అతను మళ్ళీ చదివి, ముఖం కాస్త వెలిగించుకున్నాడు. "సంరక్షకులు పిల్లల్ని చూడ్డానికి వెళ్ళొచ్చని ఉంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా."

సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసింది. ఆఫీసు పదిన్నరకు తెరుస్తారని ఫోనే చెప్పింది. గైడ్ సారు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆమె గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. ఏడు గంటలకు నీళ్ళు రాయి నడుము దాకా వచ్చాయి. ఎనిమిదిన్నరకు చివరి చుక్క మునిగింది. కాపలా మనిషి తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. చల్లారేదాకా పట్టుకుని, తాగకుండా తిరిగిచ్చేసింది.

సరిగ్గా పదకొండింటికి గేటు తెరుచుకుంది. రాయి మీద ఆరడుగుల నీళ్ళున్నాయి. నత్తమ్మ ఒడ్డున పది నిమిషాలు నిలబడి వచ్చేసింది.

ఆమె బస్సెక్కేలోపు క్షేత్రమిత్ర ఆ రోజు నివేదిక పంపింది. విద్యార్థులు: నూట డెబ్బై నాలుగు, అందరూ హాజరు. సంరక్షకురాలు: వచ్చారు, పిల్లలను కలవకుండానే వెళ్ళిపోయారు. రిమార్కు: పిల్లల చదువు మీద ఇంట్లో శ్రద్ధ తక్కువ.