తాంబూలంలో నత్త

దసరా మూడోనాటి పొద్దున పుష్పవల్లి పెట్టుకున్న పని ఒక్కటే: బొమ్మల కొలువు మెట్ల కింద ఇత్తడి పళ్లెంలో చేసిన సముద్రానికి ఉప్పునీళ్లు మార్చడం. భర్త జనార్దనం పనిచేసే కోడంబాక్కం సినిమా స్టూడియోలో ఏదో సెట్టు కోసం ఎన్నూరు సముద్రతీరం నుంచి తెప్పించిన గవ్వలు, శంఖాలు మిగిలితే నిన్న ఇంటికి తెచ్చాడు. సముద్రం మాత్రం ఆమె సొంత ఊహ. వీధిలో మరే కొలువులోనూ లేదు.

కాలేజీలో జువాలజీ చెప్పే తమ్ముడు జయరామ్ కాఫీ తాగుతూ పళ్లెంలోకి వంగి, గ్లాసు దించేశాడు.

"అక్కా, చెయ్యి తియ్! వల అల్లినట్టు గీతలుండే ఈ శంఖం నడస్తా ఉండాది. లోపల నత్త ప్రాణంతో ఉంది. కుట్టిందంటే మనిషి పోతాడు. ఇట్లాంటిది ఇంకోటి ఉందా?"

ఉంది. దాన్ని నిన్న సాయంత్రమే ఇంటి యజమానురాలు గోవిందమ్మకు తాంబూలంలో పెట్టి ఇచ్చింది.

పుష్పవల్లి కంగారుపడలేదు. నాలుగు మంచి మాటలు చాలనుకుని పక్క వాటాకు వెళ్లింది.

"అత్తా, నిన్నటి శంఖం మరీ చిన్నదైపోయె. అదిస్తే పెద్దది తెచ్చిస్తా."

"తాంబూలంలో ఇచ్చింది ఎనక్కి అడగతారామ్మే? అదీ నవరాత్రిలో!" గోవిందమ్మ ముఖం ముడుచుకుంది. ఇల్లు ఖాళీ చెయ్యమనే ముందు ఆవిడ ముఖం అలాగే ఉంటుంది.

"అది కాదత్తా, చానా మహిమగల శంఖమంట. ఒక్కపూట పూజ చేసుకుని ఇచ్చేస్తా."

"అట్నా? మహిమగలదాన్ని నేనెందుకిస్తా?" అంటూ ఆవిడ తన కొలువులోంచి శంఖాన్ని తీసి కొంగున ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

పుష్పవల్లికి ఇక నిజం చెప్పక తప్పలేదు.

"అత్తా, అది విషం! కుడితే ప్రాణం పోతుంది!"

"చూడు చూడు! ఇప్పుడేగా మహిమంటివి. ఇయ్యనంటే విషమైపోయెనా?"

గోడ అవతల నుంచి పొరుగింటి చెల్లమ్మ తల పైకి లేచింది. "ఏం మహిమక్కా అది?"

ఇంతలో జయరామ్ పట్టకారుతో పరుగెత్తుకొచ్చాడు. "కదలొద్దండమ్మా!"

"ఏందబ్బా, పట్టపగలు దోపిడీనా?" గోవిందమ్మ మండిపడి ముడి విప్పి, శంఖాన్ని అరచేతిలో బోర్లించి దులిపింది. "ఏముండాది దీంట్లో? నీచు కంపు కొడతా ఉంటే నిన్ననే చింతపండు నీళ్లల్లో ఉడకబెట్టి, ఊసతో లోపలిదంతా లాగి పారేసి, బూడిదేసి తోమినా. కడక్కుండా కొలువులో పెట్టేదానికి నేనేమన్నా కాలేజీలో చదివినానా?"

జయరామ్ తొంగిచూశాడు. శంఖం ఖాళీ.

"అయితే మీరే ఉంచుకోండత్తా" అంది పుష్పవల్లి, తానే వరమిస్తున్నట్టు.

చెల్లమ్మ నోటి పుణ్యమా అని సాయంత్రం పుష్పవల్లి ఇంట పేరంటానికి వీధంతా వచ్చింది. విషం మాట ఒక్కరూ నమ్మలేదు. మహిమగల శంఖం లేని తాంబూలం ఒక్కరూ పుచ్చుకోలేదు.