జెండా ఎగరేసే కార్డు

ఆదివారం పొద్దున్నే దినేష్ పెట్టుకున్న పని చిన్నదే. ఆదోనిలో పాత కంప్యూటర్ సామాన్ల అంగట్లో కొన్న కార్డును ఎమ్మిగనూరులోని తన ఇంట్లో కొత్త కంప్యూటర్‌కు బిగించాలి. ఆటల్లో గుడ్డ ఎలా ఎగరాలో, గోడ ఎలా కూలాలో లెక్క కట్టడం తప్ప ఆ కార్డుకు వేరే పని లేదు. ఈ రోజుల్లో అది దండగని కొందరు, ఉంటేనే మజా అని కొందరు ఇంటర్నెట్‌లో కొట్టుకుంటున్నారు. ఎవరిది నిజమో తేలకపోతే దినేష్‌కు అన్నం సహించేలా లేదు.

భార్య రజిని షరతు పెట్టింది. "తేడా నా కండ్లకు కనపడల్ల. లేకుంటే నీ కంప్యూటర్ అటక మీదికి, ఆ కిటికీ కాడికి నా రాట్నం." మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టేది ఆమే. ఇంట్లో వెలుతురు బాగా పడే మూల కంప్యూటర్ ఉన్న ఆ కిటికీ దగ్గరొక్కటే.

"ఏం కార్డురా అది?" మగ్గం గుంతలోంచి తండ్రి సిద్ధప్ప అడిగాడు.

"గాలికి గుడ్డ ఎట్ల ఎగురుతాదో అచ్చం అట్లే సూపిస్తాది నాయనా."

పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు విన్న మనిషికి గుడ్డంటే చీరే. టీ తాగి వద్దామని వీధి చివరి టీకొట్టుకు వెళ్లిన సిద్ధప్ప, నేయకముందే చీర వాటం చూపించే మిషను మావాడు తెచ్చినాడని అక్కడ గొప్పగా చెప్పాడు. ఆయన తిరిగొచ్చేసరికి నేతగాళ్ల వీధంతా ఆయన వెనకే ఉంది. పక్కింటి భీమక్క చేతిలో చిలపలుగా చుట్టిన రంగు నూలు కూడా ఉంది.

"ఈ అంచుకు ఈ రంగేస్తే కుచ్చిళ్లు ఎట్ల నిలబడతాయో సూపించప్పా."

"ఇది ఆటలకు అక్కా."

"ఆటల్లో ఆడోళ్లు చీరలు కట్టుకోరా?"

వివరించే ఓపిక లేక దినేష్ కార్డు బిగించి ఆట తెరిచాడు. కోట బురుజు మీద జెండా రెపరెపలాడింది. గదిలో అందరూ తెర ముందుకు తోసుకొచ్చారు.

"నూలు గాదది," అన్నాడు సిద్ధప్ప. "నూలైతే అంత తేలిగ్గా లేస్తాదా?"

"నూలే. గంజి పెట్టల్యా, అంతే," అంది భీమక్క.

దినేష్‌కు పట్టరాని సంతోషం కలిగింది. "సూసినావా తేడా?" అని భార్యను అడిగాడు.

"తేడా అంటే రెండూ సూడల్ల గదా. కార్డు తీసి సూపించు."

తీశాడు. జెండా అలాగే ఎగిరింది. మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. కార్డు చేయాల్సిన పనిని కొత్త కంప్యూటర్ తనంతట తానే చేసేస్తోంది. తెలుసుకోవాలన్న కోరిక తీరింది గాని, కిటికీ మూల పోతోందని దినేష్‌కు ఏడుపొక్కటే తక్కువ.

రజిని రాట్నం తెచ్చింది. దినేష్ దిగాలుగా వైర్ల మీద చేయి వేశాడు.

"ముట్టుకోవద్దురా," అన్నాడు సిద్ధప్ప. "అది నూలా కాదా ముందు తేలనీ."

రజిని కూడా రాట్నం దించి తెర దగ్గరికి వంగింది. "ఆ కొస కాడ మడత ఎట్ల పడతాందో ఇంగోసారి సూపించు."

కంప్యూటర్ కిటికీ దగ్గరే ఉండిపోయింది. జెండా చూస్తూ కండెలు చుట్టుకోవచ్చని రజిని రాట్నాన్ని దాని ముందే వేసుకుంది. షరతు తీరడానికి కంప్యూటర్ బదులు అటక మీదికి కార్డు పోయింది, దాంతోపాటు దినేష్ కుర్చీ కూడా.