పై వాటాలో పక్షి

సైన్సు మాస్టారికి ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. రిమోట్‌ని డ్రోన్‌తో జత చెయ్యాలి. అరచేతిలో పట్టేంత డ్రోన్ అది. ఎలా ఎగరాలో ప్రోగ్రాం రాసి ముందే అందులోకి ఎక్కించాడు. రిమోట్ మీద మీట వేస్తే చాలు, దానంతటదే లేచి, గాలిలో చతురస్రం గీసినట్టు తిరిగి, లేచిన చోటే దిగాలి. అయితే ప్రోగ్రాం ఎక్కించేసరికి పాత జత కాస్తా చెరిగిపోయింది.

స్కూలుకి ఆ పూట పై అధికారులు వస్తున్నారు. డ్రోన్ ఎగిరితే సైన్సు గది సైన్సు గదిగా మిగులుతుంది. లేకపోతే విరిగిన బెంచీలు పడేసుకోడానికి వాడుకుంటానని హెడ్మాస్టరు తేల్చి చెప్పేశాడు. అందుకే మాస్టారికి కాలు నిలవడం లేదు. చొక్కాకి ఓ బొత్తాం పెట్టుకోవడం, వచ్చి డ్రోన్‌ని చూడటం, మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళి ఇంకో బొత్తాం తప్పు కన్నంలో పెట్టుకోవడం.

"కాస్త కూర్చోండీ! మిమ్మల్ని చూస్తుంటే నాకు బీపీ పెరుగుతోంది," అంది భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు. అలాంటి మాట ఊరికే అనదు.

మాస్టారు కూర్చోలేదు. నిలబడే డ్రోన్ మీది బుల్లి బొత్తాం పిన్నీసుతో నొక్కి పట్టి, రిమోట్‌ని కూడా జతకి సిద్ధం చేశాడు. రెండింటి దీపాలూ మిణుకు మిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగాయి.

"కుదిరింది!" అని అరిచి రిమోట్ మీది స్టిక్కు పైకి తోశాడు.

డ్రోన్ బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది. పై వాటాలో మాత్రం ఏదో దబ్బున పడింది.

పైన ఇంటివాళ్ళుంటారు. ఇంటాయన జైలు సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాడు. కింద కుర్చీ జరిపితే పైన నేల మీద కర్రతో కొడతాడు. మొన్న మాస్టారు వాకిట్లో డ్రోన్ ఎగరేస్తుంటే, "వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదేమయ్యా! ఆ జోరీగ చప్పుడు ఇంకోసారి వినపడిందో, ఇల్లు ఖాళీ చేయిస్తా!" అన్నాడు.

మాస్టారు స్టిక్కు ఇంకాస్త తోశాడు. పైన గాజు భళ్ళుమంది. వెంటనే ఇంటావిడ కేక.

"అయ్యో, పొద్దున్నే గొడవ పడుతున్నట్టున్నారండీ. చెయ్యి చేసుకునేదాకా వచ్చినట్టుంది. నేను చూసొస్తా," అంటూ భార్య దూదీ, కట్లూ ఉన్న పెట్టె పట్టుకుని పరుగెత్తింది.

మాస్టారు డ్రోన్ బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాడు. స్టిక్కు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పైన ఏమో అటు నుంచి ఇటు అడుగులు పరుగెడుతున్నాయి. విసిగిపోయి రిమోట్ బల్ల మీద పెట్టి చెమట తుడుచుకుంటూ ఉండగా, డ్రోన్ బుర్రుమని లేచింది. చక్కగా చతురస్రం తిరిగింది. లేచిన చోటే దిగింది. మాస్టారు ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు.

"తల్లీ, నేను బతిమాలితే లేవలేదు. ఇప్పుడెవరు చెప్పారే నీకు?"

అంతలో భార్య రొప్పుతూ వచ్చింది. "పైన పక్షి దూరిందటండీ! పిన్నిగారు చీపురుతో తరుముతున్నారు. బాబాయిగారేమో కొట్టొద్దు, పాపం నోరులేని జీవం అని అడ్డం పడుతున్నారు."

"ఆయనా? జాలా?"

"నాకూ అదే వింతగా ఉంది. మీరొచ్చి పట్టుకోండి."

మాస్టారు రిమోట్ చేతిలో పెట్టుకునే మెట్లెక్కాడు. పై మెట్టు మీద కాలు మడతపడి, చేతి బొటనవేలు స్టిక్కుని ఆ చివరికంటా నెట్టింది. లోపల ఏదో కప్పుకి టంగున కొట్టుకుంది.

పడకగదిలో ఇంటావిడ మంచమెక్కి చీపురు తిప్పుతోంది. ఇంటాయన ఒంటి నిండా దుప్పటి కప్పుకుని, చేతులు లోపల దాచుకుని నిలబడ్డాడు. కర్టెన్ వెనక ఏదో బుర్రుమంటోంది.

"ఏం పక్షి బాబాయిగారూ?"

"నాకేం తెలుసు? వలస పక్షి అయ్యుంటుంది."

ఆ చప్పుడు మాస్టారికి కొత్త కాదు. అనుమానంగా స్టిక్కు దించాడు. పక్షి టపీమని నేల మీద పడింది. స్టిక్కు ఎత్తాడు. లేచింది.

"అదేమిటి నాయనా, నువ్వు వేలు కదిపితే పక్షి కదులుతోంది?" అంది ఇంటావిడ, చీపురు ఆపి.

ఇంటాయన కంగారులో దుప్పటి జార్చుకున్నాడు. ఆయన చేతిలో అచ్చం అలాంటి రిమోటే ఉంది.

"నువ్వు ఎగరేస్తుంటే చూశానయ్యా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మనసాగలేదు. అదే షాపుకెళ్ళి అదే కొనుక్కున్నా. ఈవిడ స్నానానికి వెళ్ళినప్పుడు జత చేద్దామని..."

మాస్టారు తల పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి బొత్తాలు నొక్కారు. గుమ్మం ముందు చెప్పులు మారిపోయినట్టు, కింది రిమోట్ పై డ్రోన్‌తోనూ, పై రిమోట్ కింది డ్రోన్‌తోనూ కుదిరిపోయాయి. ఇంటాయన పక్షిని దించుదామని కనబడిన మీటలన్నీ వేస్తుంటే, కింద మాస్టారి డ్రోన్ పాఠం అప్పజెప్పింది.

"మళ్ళీ జత చేసే టైం లేదు. మీ రిమోట్ ఇటివ్వండి బాబాయిగారూ, స్కూలుకి పట్టుకెళ్తా."

"ఇవ్వను," అన్నాడు ఇంటాయన. "నేనే వస్తా."

మాస్టారు మంచం మీద పడేసిన రిమోట్ అక్కడే ఉండిపోయింది. కింది డ్రోన్ పట్టుకుని ఇద్దరూ ఆటోలో పడి స్కూలుకి చేరారు. అధికారుల ముందు ఇంటాయన నిటారుగా నిలబడి, ఖైదీల హాజరు తీసుకునే గొంతుతో "లే!" అని మీట వేశాడు. డ్రోన్ లేచింది, తిరిగింది, లేచిన చోటే దిగింది. అధికారులు చప్పట్లు కొట్టారు. ఈయనెవరని అడిగితే మాస్టారు ల్యాబ్ అసిస్టెంటన్నాడు. ఇంటాయన కాదనలేదు. హెడ్మాస్టరు బెంచీల కోసం వేరే గది వెతుక్కోడానికి వెళ్ళాడు.

మాస్టారికి పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి ఆడింది. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఇంటికొచ్చారు. గేటు తీశారో లేదో, పైనుంచి డ్రోన్ ఒకటి రివ్వున దిగి వాళ్ళ నెత్తి మీద గిరగిరా తిరగసాగింది. మేడ మీద ఇంటావిడ రిమోట్ పట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"లేపడం వచ్చేసింది! దించడమే ఇంకా రాలేదు," అని అరిచింది. "ఇద్దరూ కాస్త తల వంచుకుని లోపలికి రండి!"

మాస్టారు తటపటాయించాడు గానీ, ఇంటాయన చటుక్కున వంచేశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయనకది అలవాటైన పనే.