వరస మొదట్లో నీలం బకెట్

ఆ రోజు ఉదయం డ్రాయింగు టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకి గ్రంథాలయం హాల్లో ప్రదర్శన మొదలవ్వాలి. మునిసిపల్ చైర్మన్‌గారు వచ్చి రిబ్బను కత్తిరించాలి. తన అమ్మ మైకు ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. మధ్యాహ్నానికి అందరూ ఇళ్లకి పోయి భోంచెయ్యాలి. ఇందులో తప్పు దూరడానికి సందెక్కడుందో ఎంత వెతికినా కనబడదు. తప్పు మాత్రం సందు చూసుకునే వచ్చింది.

ప్రదర్శన పేరు ‘వరస’. సరిహద్దు అవతల యుద్ధం వచ్చినప్పుడు కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాళ్లు ఆ ఊళ్లో రైలు పట్టాల అవతల కాలనీలో స్థిరపడ్డారు. టీచరూ వాళ్లలో మనిషే, చంటిపిల్లగా తల్లి చంకనెక్కి వచ్చింది. ఇప్పుడు తన బళ్లో పిల్లల్ని ఒక్కొక్కరినీ కాలనీలో ఒక్కో ఇంటికి పంపింది. ఆ ఇంటి పెద్దవాళ్లు తాము నడిచి వచ్చిన దారి గురించి చెప్పారు, పిల్లలు తాము విన్నది ఆ ఇంట్లోని పాత బిందె మీదో గిన్నె మీదో బొమ్మగా వేశారు. ఒక పిల్ల మాత్రం ఓడ వేసింది. “మేం ఓడ ఎక్కలేదే తల్లీ, సరిహద్దు దాకా అంతా నడకే” అని ఆ ఇంటి పెద్దాయన మొత్తుకుంటే, “నాకు ఓడే బాగా వచ్చు తాతా” అందట. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఓడైతే కాళ్లన్నా నొప్పెట్టవని ఒప్పుకున్నాడు.

సరిహద్దు దాటాక వాళ్లు ముందు తలదాచుకున్న శిబిరంలో నీళ్ల కోసం గిన్నెలు ఎలా బారులు తీరేవో, అలాగే వాటిని హాల్లో పేర్చాలని టీచర్ ఊహ. వరస మొదట్లో గోడకి ఒక ఇత్తడి కుళాయి బిగించారు. దాని వెనక గొట్టం లేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఊరు ఊరంతా మర్చిపోయింది.

కుళాయి కింద పెట్టాల్సింది అమ్మ బకెట్. అమ్మ కాలనీలో కుట్టుమిషను తొక్కి కూతుర్ని చదివించిన మనిషి. ఈ ఊళ్లో అడుగుపెట్టిన మొదటి రోజు ఎవరో ఒక మహాతల్లి నీళ్లతో సహా ఇచ్చిన నీలం బకెట్ అది. ఆవిడెవరో తెలియదు, ఆ వీధేదో కూడా అమ్మకి తర్వాత ఆనవాలు దొరకలేదు. దొరకలేదు కాబట్టి రోజూ ఆ బకెట్‌కే దణ్ణం పెట్టుకుంటుంది. దాని మీద కుంచె పడనివ్వలేదు.

“ఒక్క చిన్న పువ్వు వేయిస్తానే అమ్మా.”

“పువ్వూ వద్దు, కాయా వద్దు. ఆవిడ చూస్తే గుర్తుపట్టాలి. నేను చచ్చేలోగా ఒక్కసారి ఆవిడ చేతులు పట్టుకోవాలే.”

అందుకోసమే నలుగురిలో నోరెత్తి ఎరగని అమ్మ మైకు ముందుకి రావడానికి ఒప్పుకుంది. వారం నుంచీ కుట్టుమిషను ముందు కూర్చుని ఉపన్యాసం వల్లెవేసుకుంటోంది. ఆ వారంలో కుట్టిన జాకెట్లన్నీ కొంచెం వదులయ్యాయి.

ఇక లైబ్రేరియన్‌గారి గురించి. ఆయన మంచివాడు. ఉదయం హాలంతా కలియతిరిగి, “వరస హాల్లో పట్టడం లేదమ్మా. గుమ్మం దాటించి మెట్ల మీదుగా రోడ్డు దాకా పేరిస్తే దారినపోయేవాళ్లకి కనబడుతుంది. ఊరికే లోపలికి రమ్మంటే ఎవరొస్తారు? గ్రంథాలయం అంటేనే జనానికి హడలు” అన్నారు. టీచర్‌కి కూడా ఆ మాట నచ్చింది. ఇద్దరూ కలిసి బిందెల్ని ఒక్కొక్కటే రోడ్డెక్కించారు.

మొదట వచ్చింది కాలనీలో చెప్పులు కుట్టే తాత. ఆయన వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, చేతిలో ఉన్న మంచినీళ్ల డబ్బా ఆఖరి బిందె వెనక పెట్టి నిలబడ్డాడు.

“తాతా, ఇది ప్రదర్శన. లోపలికి వచ్చి కూర్చో.”

“తెలుసమ్మా. కానీ వరస కనబడితే కూర్చోలేను. కాళ్లు వినవు.”

ఆయన వెనక వచ్చినవాళ్ల కాళ్లూ వినలేదు. ఏళ్ల తరబడి వరసల్లో నిలబడి బతికినవాళ్లు వాళ్లు. వరస ఉన్నచోట ఏదో ఒకటి దొరుకుతుందనీ, ఏమిటని అడుగుతూ కూర్చుంటే అయిపోతుందనీ వాళ్లకి తెలుసు. ఒకామె గొడుగు పెట్టింది, ఇంకొకాయన టిఫిన్ క్యారియర్ పెట్టాడు.

ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న కోడలు ఇది చూసింది. రోడ్డు మీద బిందెలు, వెనక మనుషులు. ఆమె తడిబట్ట అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

“అత్తయ్యా! కుళాయి నీళ్లు ఆపేస్తున్నారట! లైబ్రరీ దగ్గర పోస్తున్నారు!”

“ఎవరు చెప్పారే?”

“చెప్పడమేంటి, జనం బారులు తీరి ఉంటేనూ!”

అత్తగారు పెద్ద డ్రమ్ము దొర్లించుకుంటూ దిగింది. డ్రమ్ము దొర్లిన చప్పుడికి పక్కింటివాళ్లు కిటికీలు తీశారు. ఒకరోజు ఆపుతారన్న నీళ్లు మందులషాపు దాటేసరికి మూడు రోజులయ్యాయి, టైలరు దుకాణం దగ్గర వారమయ్యాయి, బడి గేటు దగ్గరికి వచ్చేసరికి పైపుల్లో ఏదో విషం కలిసిందట. వరస మలుపు తిరిగింది.

లైబ్రేరియన్‌గారు మెట్ల మీద నిలబడి చేతులు జోడించారు. “అయ్యా, అమ్మా, ఇక్కడ నీళ్లు లేవు! ఇది కళ! ఆ కుళాయికి గొట్టం కూడా లేదు!”

“లోపలివాళ్లకి మాత్రం ఉంటుందేం గొట్టం!” అని ఎవరో అరిచారు.

ఇంతలో నీళ్ల ఆఫీసులో ఫోన్లు మోగాయి. అక్కడి అధికారి మూడో ఫోన్‌కే బెదిరిపోయాడు. అంత వరస ఉందంటే తన పైవాళ్లెవరో ట్యాంకరు పంపుతామని మాట ఇచ్చే ఉంటారు, తనకి చెప్పడం మర్చిపోయుంటారు అనుకున్నాడు. పైవాళ్లని అడిగితే తిడతారు కాబట్టి అడక్కుండా ట్యాంకరు పంపేశాడు. అది హారన్ కొట్టుకుంటూ వచ్చి సరిగ్గా గ్రంథాలయం ముందు ఆగింది.

డ్రమ్ము అత్తగారు లైబ్రేరియన్‌గారిని పైనుంచి కిందికి చూసింది. “కళ అన్నారుగా?”

ఆయన జోడించిన చేతులు విడదీసి, మెట్లు దిగి ట్యాంకరుకి దారిచ్చారు.

చైర్మన్‌గారి కారు మలుపులోనే ఇరుక్కుపోయింది. దిగి నడిచి వస్తుంటే ఒక ముసలమ్మ ఆపింది. “పెద్దమనిషిలా ఉన్నావు, మధ్యలో దూరతావేం నాయనా? వెనక్కి రా.” ఆయన నోరు తెరిచేలోగా చేతిలో ఖాళీ డబ్బా పెట్టింది. “ఇది పట్టుకుని నిలబడు, నాకు మోకాళ్ల నొప్పులు.” ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఆయన పట్టుకుని నిలబడ్డారు.

ఈ గోలలో టీచర్ గమనించని విషయం ఒకటి జరుగుతోంది. వరసలో నిలబడ్డవాళ్లకి పక్కవాళ్లతో మాట్లాడడం తప్ప వేరే పనేముంటుంది? “ఈ బిందె మీద వంతెన ఏమిటండీ?” అని డ్రమ్ము అత్తగారు అడిగితే, ముందున్న కాలనీ ఆమె ఆ వంతెన మీద తన చెల్లెలి చెయ్యి ఎలా జారిపోయిందో, మళ్లీ ఎలా దొరికిందో చెప్పింది. అత్తగారు కళ్లొత్తుకుంది. ప్రదర్శనకి రమ్మంటే ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు. నీళ్లకని వచ్చి అందరూ బిందెలన్నీ చూసేశారు.

సరిగ్గా అప్పుడు కుళాయి ప్రెసిడెంటు వచ్చింది.

ఆ పదవికి ఆమెని ఎవరూ ఎన్నుకోలేదు. వెనకవీధి కుళాయి దగ్గర ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చేది ఆమె. ఎప్పుడో, కుళాయి కింద బకెట్ పెట్టి పొయ్యి మీద పాలు పొంగుతాయని ఇంట్లోకి వెళ్లొచ్చేసరికి బకెట్ మాయమైంది. అప్పట్నుంచీ ఆమె బకెట్‌ని విడిచి అడుగు కదలదు. ఆ దొంగని పొద్దున్నే నీళ్లు పట్టేటప్పుడు ఒకసారి, సాయంత్రం పట్టేటప్పుడు ఒకసారి తిట్టనిదే ఆమెకి రోజు గడవదు. అదే వీధిలో ఉండే లైబ్రేరియన్‌గారికి ఆ తిట్లు వరసతో సహా కంఠతా వచ్చు.

“ఇదేం వరస? ఎవరు పెట్టారిలా?” అంటూ ఆమె టిఫిన్ క్యారియర్‌ని పక్కకి జరిపి, గొడుగుని తీసి అవతల పెట్టి, మొదట ఎవరున్నారో చూద్దామని హాల్లోకి వచ్చింది. వచ్చి కుళాయి ముందు నిలబడిపోయింది.

“ఇది నా బకెట్!”

టీచర్‌కి అర్థం కాలేదు. లైబ్రేరియన్‌గారికి అర్థమై ముఖం పాలిపోయింది.

“ఈ సగం చందమామ మచ్చ చూశారా? వేడి పెనం ఆనించింది నేనే! ఎవరు తెచ్చారిక్కడికి? ఇవాళ ఊరందరి ముందూ కడిగేస్తాను వాళ్లని!”

టీచర్ ఆమెకి అడ్డం వచ్చింది. అమ్మ ఇన్నాళ్లూ దణ్ణం పెట్టుకున్న మహాతల్లి ఈవిడ! “పిన్నిగారూ, ఒక్క నిమిషం, మీ కాళ్లు పట్టుకుంటాను, మా అమ్మ...”

“ఇన్నేళ్లు ఆగాను, ఇంకా నిమిషమేంటి?” అని ప్రెసిడెంటు బకెట్ చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

బయట మెట్ల మీద అమ్మ అప్పటికే మైకు ముందు ఉంది. జనం ఇంతమంది వచ్చింది తన మాటలు వినడానికే అనుకుంది పాపం. వారం నుంచీ వల్లెవేసిన మాటలు మొదలుపెట్టింది.

“మేమున్న శిబిరంలో ఒక పద్ధతి ఉండేదండీ. వరస మొదట్లో ఎప్పుడూ ఒక గిన్నె విడిగా పెట్టేవాళ్లం. దాని పక్కన ఎవరూ నిలబడరు. కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో గిన్నె ఉండదు కదా, అందుకని అది వాళ్లది. నింపుకుని తీసుకుపోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. అడగడం కష్టమండీ.”

మెట్ల మీద ప్రెసిడెంటు ఆగింది.

“ఈ ఊళ్లో బస్సు దిగిన రోజు నా పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు పట్టుకోవడానికి చెంబు కూడా లేదు. ఒక వీధిలోకి తిరిగితే కుళాయి కింద నీలం బకెట్. పక్కన ఎవరూ లేరు. నీళ్లు వాటిపాటికి అవే నిండుతున్నాయి. ఈ ఊళ్లోనూ అదే పద్ధతి ఉందని అక్కడే ఏడ్చేశాను. ఆ నీళ్లతోనే పిల్ల ఒళ్లు తుడిచాను. జ్వరం దిగింది. అసలు మేం ఇంకా ముందుకి పోవాలనుకున్నాం. ఇలాంటి మనుషులున్న ఊరు వదిలి ఎక్కడికి పోతాం అని ఆగిపోయాం. ఆ పెట్టినావిడకి ఒక్కసారి చెప్పాలని వచ్చాను. తల్లీ, నువ్వెక్కడున్నా చల్లగా ఉండు.”

అమ్మ కళ్లు తుడుచుకుని తలెత్తింది. ఎదురుగా చంకలో నీలం బకెట్‌తో ఒకావిడ.

“మీరేనా అమ్మా?”

టీచర్ కళ్లు మూసుకుంది. లైబ్రేరియన్‌గారు తనకి కంఠతా వచ్చిన తిట్లలో మొదటిదాని కోసం ఎదురుచూశారు.

ప్రెసిడెంటు నోరు తెరిచింది, మూసింది. ఆ వీధి చరిత్రలో ఆ నోరు మాట లేకుండా మూసుకోవడం అదే మొదటిసారి. బకెట్ వంక చూసింది. విరిగిన పిడి చోట అమ్మ కట్టిన తాడు చూసింది. జ్వరం దిగిన ఆ పిల్ల ఇంతై పక్కనే నిలబడి ఉంటే ఆమె వంకా చూసింది.

“నేనే” అంది. “నేనే పెట్టాను.”

అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. టీచర్ చిన్నపిల్లలా ఏడ్చేసింది. చైర్మన్‌గారు డబ్బా చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటుకీ కళ్లు తడిశాయి, కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా.

“అందులో మగ్గు కూడా ఉండాలే?”

“ఉందమ్మా, ఇంట్లో భద్రంగా ఉంది! రేపే తెచ్చిస్తాను. ఈ బకెట్ కూడా తీసుకోండి.”

“ఛ! ఇచ్చింది వెనక్కి తీసుకునే వంశం కాదు మాది” అని ప్రెసిడెంటు బకెట్‌ని తనే ట్యాంకరు గొట్టం కింద పెట్టి నింపి, అమ్మ చేతికి అందించింది.

తర్వాత అందరూ నీళ్లు పట్టుకున్నారు. ఊరివాళ్లు కాలనీవాళ్ల బిందెలెత్తారు, కాలనీవాళ్లు డ్రమ్ము దొర్లించారు. ఓడ బొమ్మ వేసిన బిందెలోనూ నీళ్లు పడ్డాయి. మధ్యాహ్నానికి ప్రదర్శనలో చూడ్డానికి ఇత్తడి కుళాయి తప్ప ఏమీ మిగల్లేదు. తన హయాంలో ఇంత జనం వచ్చిన ప్రదర్శన ఇదేనని చైర్మన్‌గారు ప్రకటించారు. రిబ్బను కత్తిరించలేదని ఎవరికీ గుర్తురాలేదు.

ఇంటికి వెళ్తుంటే టీచర్ ఊరుకోలేకపోయింది. “అమ్మా, ఒక మాట చెప్పనా? ఆవిడ...”

“ఇవ్వలేదు. తెలుసు. బకెట్ చంకలో పెట్టుకుని వచ్చిన తీరు చూస్తేనే తెలిసిపోయిందే.”

“తెలిసి మరి...”

“ఆ రోజు తెలియక ఇచ్చింది, ఈ రోజు తెలిసి ఇచ్చింది. నేను ఒక్కసారి దణ్ణం పెడదామని వెళ్లాను. రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.” అమ్మ బకెట్ చెయ్యి మార్చుకుని నడిచింది. టీచర్‌కి ఆ ఊరి మీద, ఆ అరుపుల మీద, ఆ ట్యాంకరు మీద కూడా చెప్పలేనంత ప్రేమ కలిగింది.

ఇప్పుడు వెనకవీధి కుళాయి దగ్గర వరస మొదట్లో ఒక బకెట్ ఊరికే పెట్టి ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ల కోసం. రోజూ దాన్ని పెట్టేది ప్రెసిడెంటే. ఇన్నేళ్ల తర్వాత ఆమె తన సొంత బకెట్‌ని కూడా కుళాయి దగ్గర వదిలి ధైర్యంగా ఇంట్లోకి వెళ్తోంది. వెళ్తూ వెళ్తూ దాని పిడికి ఒక తాడు కట్టి, రెండో కొస తన గుమ్మం గొళ్లేనికి ముడేసి వెళ్తుంది.