ముందొచ్చిన మజ్జిగ

ఆ ఉదయం వంట సాయానికి వచ్చిన అప్పాజీ ఒక్కటే ఒట్టు పెట్టుకున్నాడు: ఈ పూట ఏ పొరపాటూ చేయకూడదు. ధవళేశ్వరంలో జగన్నాథరావు గారి గృహప్రవేశం. చుట్టాలు కాలవ మీద పడవల్లో దిగారు. ఏళ్ళ తరబడి కూరలు తరిగి వేళ్ళు కాయలు కాసిన అప్పాజీకి పెద్దవంటవాడు పేరయ్య మాటిచ్చాడు మరి.

"ఈ పూట గట్టెక్కించావంటే గరిటె నీ చేతికిస్తాన్రా. వచ్చే పెళ్ళికి బూరెలు నువ్వే వేద్దువుగాని."

"మీరు చూస్తూండండి బాబాయిగారూ!"

బంతి మొదలైంది. బూరెలు భోజనం మధ్యలో వేడివేడిగా వడ్డించాలని పేరయ్య మూకుడు ముందునుంచి కదలలేదు. అప్పాజీ ఉత్సాహం కొద్దీ పనసపొట్టు కూరలో ఆవ ఇంకాస్త కలిపాడు. అది తిన్న రావుగారి మామగారికి ఘాటు నషాళానికి అంటింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, మాట పెగల్లేదు. పాపం, అప్పాజీ మనసు మంచిది. పరుగున మజ్జిగ తెచ్చి ఆయన విస్తట్లో పోశాడు.

ఆయన బంతికి పెద్ద. ఆయన ఆకులో మజ్జిగ పడిందంటే భోజనం ఆఖరికి వచ్చిందన్నమాట. పక్కాయన కూడా మజ్జిగ కోసం బుద్ధిగా అన్నంలో గుంట చేసుకున్నాడు. వడ్డనవాళ్ళేమో వంటింటి నుంచి ఆజ్ఞ అయిందనుకుని మజ్జిగ గుండిగలు ఎత్తారు. చూస్తుండగానే బంతి చివరిదాకా జుర్రుతున్న చప్పుడు.

"అయ్యా, ఆగండి, బూరెలున్నాయండీ!" అంటూ అప్పాజీ పరిగెత్తాడు. అప్పటికే మామగారు అరచేతిలో నీళ్ళు పోసుకుని ఉత్తరాపోశనం పట్టేశారు. ఇక మెతుకు ముట్టకూడదు. ఆయన లేచారు, ఆయనతో బంతి మొత్తం లేచింది. బుట్టెడు బూరెలతో బయటికొచ్చిన పేరయ్యకు ఖాళీ పీటలు కనిపించాయి.

"ఏంటిది పేరయ్యగారూ? తీపి లేకుండా లేపేశారా? నా పరువు పోయిందండీ!" అన్నారు జగన్నాథరావు గారు.

 గరిటె ఎలాగూ పోయింది, పనైనా మిగలాలి కదా అనుకున్నాడు అప్పాజీ.

"బూరెలు మూట కట్టిమ్మన్నారండీ రావుగారు! ఇళ్ళ దగ్గర ఉండిపోయిన ఆడవాళ్ళకండీ!" అని గట్టిగా అరిచి అరిటాకులు పరిచాడు.

చుట్టాల మొహాలు విప్పారాయి. "ఎంత పెద్ద మనసండీ రావుగారిది!" అంటూ తలా ఒక మూట పట్టుకుని పడవలెక్కారు. రావుగారు మీసం దువ్వుకున్నారు.

అంతా సర్దుకుందనుకునేసరికి ఇంట్లోని ఆడవాళ్ళ బంతి కూర్చుంది. రావుగారి భార్య అచ్చాయమ్మ గారు విస్తరి వంక, వంటింటి వంక చూశారు.

"బూరెలేవండీ?"

బుట్ట బోర్లించినా పొడి కూడా రాలలేదు. పేరయ్య నడుం పట్టుకుని కూలబడ్డాడు. "పిండి ఇంకా సగం ఉంది. నీ నిర్వాకమేగా, నువ్వే తగలడు!" అని చిల్లుల గరిటె అప్పాజీ చేతిలో పెట్టాడు.

అప్పాజీ దేవుణ్ణి తలుచుకుంటూ వేశాడు. ఆడవాళ్ళు తిన్నారు, మళ్ళీ అడిగి తిన్నారు. "మా చిన్నమ్మాయి పెళ్ళికి బూరెలు ఈ అబ్బాయే వెయ్యాలండీ" అన్నారు అచ్చాయమ్మ గారు. అప్పాజీకి కళ్ళు చెమర్చాయి, ఈసారి ఆవ వల్ల కాదు.

ఆ పెళ్ళిలో గరిటె అప్పాజీదే. మజ్జిగ గుండిగ పక్కన మాత్రం పేరయ్య స్వయంగా పీట వేసుకుని కూర్చున్నాడు.