వ్రాతపూర్వక ఖండన లేదు

తన జీవిత వ్యాసం మీద అభ్యంతరాలు వచ్చాయని తెలిసి, 1943లో శిరచ్ఛేదంతో చనిపోయిన ఎల్ఫ్రీడె క్రోనెర్ట్ అనే జర్మన్ స్త్రీ, విచారణకు హాజరు కావడానికి ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు విశాఖపట్నంలో దాట్ల సువర్చల ఇంటికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెడ చుట్టూ బూడిదరంగు మఫ్లరు కట్టుకుంది. లిఫ్టు పనిచేయకపోవడంతో మూడంతస్తులు ఎక్కి వచ్చినందుకు కాస్త ఆయాసపడుతోంది.

తలుపు తీసిన అత్తగారు కోడలిని పిలిచి ఎవరని అడిగింది. తను రాస్తున్న వ్యాసంలో మనిషని సువర్చల చెప్పింది.

"ఉప్మా తింటుందేమో కనుక్కో. ఆ మెడతో దోసె కష్టం," అంది అత్తగారు.

ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్న సూత్రం మీద నడిచే ప్రజా విజ్ఞానకోశంలో ఇటువంటి రాకపోకలకు నియమం ఉంది. వ్యాసానికి విషయమైన వ్యక్తి, బతికి ఉన్నా లేకపోయినా, చర్చకు రావచ్చు, మాట్లాడవచ్చు. ఓటు మాత్రం ఉండదు. చనిపోయినవాళ్ళు మామూలుగా రారు. అంతకు రెండేళ్ళ క్రితం ఒక జమీందారు వచ్చి, ఫొటోలో తన మీసం సరిగా లేదని చెప్పి, మార్పించుకుని వెళ్ళాడు.

సువర్చల పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. జర్మనీ నుంచి వచ్చే యంత్రాల పుస్తకాలను ఇంగ్లీషులోకి మార్చడం ఆమె ఉద్యోగం. ఒకసారి మాత్రలు ఒత్తే యంత్రం వచ్చినప్పుడు, చెక్కపెట్టెలో విడిభాగాల చుట్టూ చుట్టిన పాత కాగితాల మధ్య ఒక కరపత్రం దొరికింది. నాలుగే పేజీలు. ఏదో చిన్న పట్నంలో బడిపిల్లలు తమ ఊరి పెద్దవాళ్ళను అడిగి తెలుసుకున్న సంగతులు రాశారు. ఊరి లాండ్రీలో పనిచేసిన ఎల్ఫ్రీడె క్రోనెర్ట్, నాజీల కాలంలో ఒక యూదు కుటుంబాన్ని ఆ లాండ్రీ అటక మీద పద్నాలుగు నెలలు దాచిందనీ, పట్టుబడినా వాళ్ళ పేర్లు చెప్పలేదనీ అందులో ఉంది. సువర్చల ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయింది. మర్నాడు తెలుగులో పన్నెండు వాక్యాల వ్యాసం రాసి విజ్ఞానకోశంలో పెట్టింది. ఆమె జీవితంలో తనంతట తాను రాసిన మొదటి పన్నెండు వాక్యాలు అవే.

అభ్యంతరం చెప్పింది 'తటస్థుడు' అనే పేరుతో రాసే హైదరాబాదు సభ్యుడు. మర్యాదస్తుడు. ఎవరినీ ఎప్పుడూ ఏకవచనంతో సంబోధించి ఎరగడు. కరపత్రం మీద ప్రచురణకర్త పేరు లేదని, పిల్లలు విని రాసినది ఆధారం కాదని చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా వెతికి, ఆనాటి కోర్టు ఫైలు సంపాదించాడు. పదకొండు పేజీలు, ప్రతి పేజీకీ ముద్ర. అందులో ఎల్ఫ్రీడె రేషన్ కార్డుల దొంగ అని ఉంది.

సభ్యుల్లో జర్మన్ వచ్చినది సువర్చల ఒక్కతే కనుక ఫైలును ఆమే అనువదించవలసి వచ్చింది. సొంత మాట ఒక్కటీ కలపకుండా అనువదించింది. ఆరు రేషన్ కార్డులు నిందితురాలి యాప్రాన్‌లో దొరికాయి. వాటిని దొంగతనంగా సేకరించి లాభానికి అమ్ముకుంటున్నట్టు నిందితురాలు ఒప్పుకుని సంతకం చేసింది. యుద్ధకాలంలో ప్రజల నోటికాడి తిండి దొంగిలించినందుకు మరణశిక్ష. అటక ప్రసక్తి లేదు. దాగినవాళ్ళ ప్రసక్తి లేదు.

విచారణ పదకొండింటికి వీడియోలో మొదలైంది. అధ్యక్షత వహించినది కాకినాడలో ఉండే నిర్వాహకుడు రాయసం గణపతిరావు. రిజిస్ట్రేషను శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. తటస్థుడు కెమెరా పెట్టుకోలేదు, గొంతు మాత్రం వినిపించింది. ఎల్ఫ్రీడె సువర్చల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మెడ వంగదు కనుక, ల్యాప్‌టాప్ కింద రెండు నిఘంటువులు పెట్టి ఎత్తు చేశారు. ఆమె చెప్పేది సువర్చల తెలుగులో చెబుతూ వచ్చింది.

గణపతిరావు ముందుగా సంతకం ఆమెదేనా అని అడిగాడు. ఆమెదే. బలవంతంగా పెట్టించారా అని అడిగాడు. కొట్టారు గానీ ఈ సంతకం కోసం కాదని, వేరే పేర్ల కోసమని, ఇది తానే ఇష్టంతో పెట్టానని ఆమె చెప్పింది. ఆరు కార్డులు దొరికాయి, తినేది ఎవరని అడుగుతారు, అమ్ముకుంటున్నానంటే ఇక అడగరు. అందుకని అమ్ముకుంటున్నానంది. వాళ్ళు నమ్మారు. లాండ్రీ వెతకలేదు.

"అంటే ఒప్పుకోలు అబద్ధమంటారు," అన్నాడు గణపతిరావు.

"అబద్ధమే."

"అబద్ధమని అప్పట్లో ఎక్కడైనా రాసిపెట్టారా అమ్మా? ఉత్తరం గానీ, డైరీ గానీ?"

"రాసిపెడితే ఆ నలుగురూ చచ్చిపోయేవాళ్ళు."

గణపతిరావు తల ఊపి, చర్చాపత్రంలో టైపు చేశాడు. వ్రాతపూర్వక ఖండన లేదు.

ఇప్పుడు ఆమే స్వయంగా వచ్చి చెబుతోంది కదా అని సువర్చల అడిగింది. తటస్థుడు ఓపికగా నియమం వివరించాడు. ఒక మనిషి తన గురించి తాను చెప్పుకునేది ఆధారం కాదు. మరి ఒప్పుకోలు కూడా ఆమె చెప్పుకున్నదే కదా అంటే, అది ఆమె చెప్పింది కాదు, కోర్టు నమోదు చేసింది అన్నాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉందన్నాడు. ఆ కోర్టును తాను సమర్థించడం లేదని, నాజీలంటే తనకు అసహ్యమని, కానీ వాళ్ళు రికార్డులు బాగా పెట్టారని, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవలసిందేనని చెప్పాడు.

అప్పుడు ఎల్ఫ్రీడె ఆ నలుగురి పేర్లు చెప్పింది. ఏడు వారాలు కొట్టినా చెప్పని పేర్లు. గడియారాలు బాగుచేసే ఎమిల్ రోజెన్‌ట్రాట్, అతని భార్య క్లారా, ఆమె చెల్లెలు జొహానా, ఆరేళ్ళ కూతురు లీలో. పేరు పేరుకూ మధ్య ఆగి, సువర్చల రాసుకుంటోందా లేదా చూసుకుని, మరీ చెప్పింది. ఇవి చెప్పడానికే వచ్చానంది. తర్వాత వాళ్ళేమయ్యారో ఇక్కడ రాసి ఉంటుందేమో చూడమని అడిగింది. ఆ పిల్ల బతికి ఉంటే ముసలిదై ఉంటుంది.

సువర్చల వెతికింది. గణపతిరావు వెతికాడు. తటస్థుడు అందరికంటే శ్రద్ధగా వెతికాడు. చనిపోయినవాళ్ళ జాబితాల్లో ఆ పేర్లు లేవు. బతికి బయటపడినవాళ్ళ జాబితాల్లోనూ లేవు. ఆ కుటుంబం ఉన్నట్టు ఆధారం లేదని తటస్థుడు వ్యాసంలో ఒక వాక్యం చేర్చాడు. వాక్యనిర్మాణం బాగుందని ఇద్దరు సభ్యులు మెచ్చుకున్నారు.

విచారణ మూడు ఆదివారాలు సాగింది. ఆ పదిహేను రోజులూ ఎల్ఫ్రీడె హాల్లో దివాన్ మీద పడుకుంది. దుప్పట్లు తానే ఉతికి, మడత చెడకుండా పేర్చేది. అంత తెల్లగా ఈ ఇంట్లో ఎవరూ ఉతకలేదని అత్తగారు మురిసిపోయింది. సువర్చల ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరూ బాల్కనీలో కూర్చునేవారు. లీలోకి అటక మీద పన్ను ఊడిందని, దాన్ని సబ్బు పెట్టెలో దాచుకుందని మొదటి వారం ఎల్ఫ్రీడె చెప్పింది. రెండో వారం అది పై పన్నో కింద పన్నో గుర్తు రావడం లేదంది. ఆ వారం చివర, కుటుంబం ఉన్నట్టు ఆధారం లేదన్న తటస్థుడి వాక్యాన్ని ఇంకొకసారి చదివి వినిపించమని అడిగింది. సువర్చల చదివింది.

"వాళ్ళు అంత చదువుకున్నవాళ్ళు. ఊరికే రాయరు కదా," అంది ఎల్ఫ్రీడె. "ఒక్కదాన్నే ఉండి ఉండి, వాళ్ళను నేనే ఊహించుకున్నానేమో."

సువర్చల ఆమె చెయ్యి పట్టుకుంది. బట్టల సోడా నీళ్ళకు పగిలి గట్టిపడిన చెయ్యి. ఈ చేతిని కూడా ఆధారంగా ఎవరూ తీసుకోరని ఆమెకు అప్పటికి బాగా తెలిసింది.

చివరి ఆదివారం, వ్యాసాన్ని ఫైలు ప్రకారం తిరగరాయాలా వద్దా అన్న ఓటింగు మూడుకు మూడుగా ఆగింది. సువర్చల వ్యాసాన్ని తను రాసినట్టే ఉంచాలని ఓటు వేసింది. ఏకాభిప్రాయం కుదరకపోతే వ్యాసం మొత్తంగా తీసేయవలసి ఉంటుందని గణపతిరావు బాధగానే చెప్పాడు. లాండ్రీ పనిమనిషికి విజ్ఞానకోశంలో చోటు ఉండదు. మరణశిక్ష పడిన దొంగకు ఉంటుంది. ఆ శిక్షే ఆమె ప్రాముఖ్యానికి ఆధారం. కనుక రెండే దారులు, దొంగగా ఉండడమో, అసలు లేకపోవడమో. సువర్చలగారు పెద్ద మనసు చేసుకుని ఓటు మార్చుకుంటే వ్యాసం నిలుస్తుందన్నాడు.

సువర్చల మైకు ఆపి ఎల్ఫ్రీడెకు విషయం చెప్పింది.

"పేరు ఉండనీ," అంది. "ఆ పిల్ల నిజంగా ఉంటే, ఎప్పుడైనా నా పేరు వెతుక్కుంటుంది."

"వెతికితే దొంగ అని కనిపిస్తుంది."

"దానికి తెలుసు కదా," అంది ఎల్ఫ్రీడె. ఒక క్షణం ఆగి, "ఉంటే," అంది.

అభ్యంతరం లేదన్న పత్రం మీద ఆమె సంతకం చేసింది. ఫైలులోని సంతకంతో పోల్చి చూసి, రెండూ ఒకటేనని తటస్థుడు ధ్రువీకరించాడు. సువర్చల ఓటు మార్చింది. వ్యాసం మొదలుపెట్టిన సభ్యురాలే తుది ప్రతిని కూడా నమోదు చేయాలి కనుక, తన పన్నెండు వాక్యాలను తానే చెరిపి, 'ఎల్ఫ్రీడె క్రోనెర్ట్ ఒక జర్మన్ రేషన్ కార్డుల దొంగ' అని తన చేత్తో టైపు చేసింది. ఎల్ఫ్రీడె పక్కనే కూర్చుని చూసింది. పని పూర్తయ్యాక, అత్తగారు కట్టిచ్చిన పులిహోర పొట్లం తీసుకుని, బూట్లు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎక్కడికని సువర్చల అడగలేదు. వెనక్కి తిరిగి చూడడానికి ఆమెకు మెడ తిరగదు.

వారం రోజులు సువర్చలకు ఏమీ రాయబుద్ధి కాలేదు. కంప్యూటరు తెరిచి మూసేది. ఎనిమిదో రోజున వ్యాసానికి నక్షత్రం వచ్చింది. ప్రతి వాక్యానికీ గట్టి మూలం ఉన్న వ్యాసాలకు ఇచ్చే గుర్తింపు అది. తటస్థుడు రెండు పేరాల అభినందన రాశాడు. సభ్యులు పందొమ్మిది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. సువర్చల వాటిని చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంకొకసారి చూసింది. ఆ సాయంత్రం అత్తగారికి కూడా చూపించింది.

ఆ నెలాఖరున గణపతిరావు ఆమెకు ఇంకో వ్యాసం అప్పగించాడు. ఇంత నిక్కచ్చిగా పనిచేసేవాళ్ళు తక్కువన్నాడు. ఈసారి మనిషి ఈ చుట్టుపక్కలవాడే. బిడ్డిక సుగ్రీవులు అని, మన్యంలో బడిపంతులు. రెండేళ్ళుగా జైల్లో ఉన్నాడు, విచారణ ఇంకా మొదలు కాలేదు. మూలం గురించి బెంగ లేదు, ఆరువందల పేజీల చార్జిషీటు ఉంది.

ఆదివారం పొద్దున్న అతని భార్య నీలమ్మ వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చానంది. కుర్చీ చివర కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"కేసులో రాసినారే, ఆ రోజు ఆయన బడిలోనే ఉన్నాడమ్మా," అంది. "పిల్లలకి గుడ్లు పంచినాడు. నా కళ్ళతో నేను సూసినాను. నలభై మంది పిల్లలు సూసినారు."

"కాగితం ఏదైనా ఉందా అమ్మా?" అని సువర్చల మెత్తగా అడిగింది.

నీలమ్మ లేదంది. ఆమె చెప్పినదంతా సువర్చల చివరిదాకా విన్నది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. బస్సు వేళకు గుమ్మందాకా వెళ్ళి సాగనంపింది. తిరిగి వచ్చి చర్చాపత్రంలో ఒక వాక్యం నమోదు చేసి, చార్జిషీటు మొదటి పేజీ తెరిచింది. ప్రతి పేజీకీ ముద్ర ఉంది. ఈసారి అనువదించవలసిన పని కూడా లేదు. అంతా తెలుగులోనే ఉంది.