పొద్దుగాలనే పోయిండు

ఆ రోజు హెన్రీ వేసుకున్న పథకంలో కోపానికి ఎక్కడా చోటు లేదు. బ్యాంకు తలుపులు తీసే వేళకు అక్కడ ఉండాలి. క్రెడిట్ కార్డు లిమిట్ పెంచమని మర్యాదగా అడగాలి. అటునుంచి ట్రూప్ బజారుకు పోయి అక్షరాలు చెక్కే కంప్యూటర్ మిషన్‌కు బయానా ఇచ్చి, భోజనం వేళకు ఇంటికి రావాలి. అద్దం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ "దయచేసి మేడం" అన్న మాటను రకరకాలుగా అని చూసుకున్నాడు. ఎలా అన్నా అది తిట్టులాగే వినిపించింది.

"జర నవ్వుకుంట అడుగు," అంది భార్య సుగుణమణి వంటింట్లోంచి.

"నవ్వకుంటే ఏం జేస్తరు, ఉరి తీస్తరా?"

"గదే వద్దంటున్న."

అబిడ్స్‌లో హెన్రీకి కప్పులు, షీల్డులు అమ్మే చిన్న దుకాణం ఉంది. గెలిచినవాళ్ళ పేర్లు ఇత్తడి రేకుల మీద ఇరవై ఏళ్ళుగా తన చేత్తోనే చెక్కుతున్నాడు. ఈ మధ్య స్కూళ్ళవాళ్ళకు చేతి అక్షరం ఆనడం లేదు. జనవరి ఆటల పోటీలకు మిషన్ అక్షరాలే కావాలని రెండు పెద్ద స్కూళ్ళు తేల్చి చెప్పేశాయి. మిషన్ లేకపోతే ఆ ఆర్డర్లు లేవు, ఆ ఆర్డర్లు లేకపోతే దుకాణం కిరాయి లేదు. మిషన్ ధర నలభై ఐదు వేలు. వాయిదాల మీద కావాలంటే అంత లిమిట్ ఉన్న కార్డు చూపించాలి. హెన్రీ కార్డుకు ఉన్నది పదిహేను వేలు.

ఆ పదిహేను వేలు కూడా ఊరికే రాలేదు. ఐదారేళ్ళ కిందట బ్యాంకులవాళ్ళు జీపీవో ముందు గొడుగులు పాతి, పోయేవాణ్ణీ వచ్చేవాణ్ణీ పిలిచి కార్డులు అంటగట్టిన రోజుల్లో హెన్రీ కూడా ఒకటి తీసుకున్నాడు. ఒక స్కూలు సరుకు పట్టుకుపోయి డబ్బులు ఎగ్గొట్టింది. హెన్రీ కార్డు బాకీ పడ్డాడు. వడ్డీ పెరిగింది, వసూలు మనుషులు వచ్చారు. చివరికి స్కూటర్ అమ్మి, బ్యాంకు ఒప్పుకున్నంత కట్టి బయటపడ్డాడు. పూర్తిగా కట్టలేదు కాబట్టి పేరు మీద మచ్చ మాత్రం మిగిలింది. ఆ మచ్చ తుడుచుకోవడానికే ఇంకో బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ తాకట్టు పెట్టి ఈ చిన్న కార్డు తెచ్చుకున్నాడు. ఏడాదిన్నరగా ఒక్క బిల్లు కూడా గడువు దాటనివ్వలేదు.

బ్యాంకులో భవ్య అనే చిన్న వయసు ఆఫీసరు కంప్యూటర్‌లో చూసి నవ్వింది. "ఈ మధ్య రికార్డు చాలా బాగుంది సార్. పాత మచ్చ ఇంకా కనిపిస్తోంది కానీ, పెంచడానికి ప్రయత్నిద్దాం. మా వెరిఫికేషన్ అతను మీ ఇల్లూ దుకాణమూ ఒకసారి చూసి వెళ్తాడు. వారంలోపు వస్తాడు."

హెన్రీ ఆమెను తిట్టడానికి కారణం ఒక్కటీ దొరకక, కొంచెం దిగులుగానే బయటికి వచ్చాడు. వారం ఉంది కదా, ఇంట్లో సాయంత్రం చెప్పొచ్చు అనుకున్నాడు.

వారం లేదు. వెరిఫికేషన్ అతను, శశికిరణ్ అనే కుర్రాడు, తెనాలి నుంచి కొత్తగా వచ్చినవాడు, ఆ సమయానికి అబిడ్స్‌లోనే ఉన్నాడు. ఫోన్లో పేరూ చిరునామా చెప్పగానే హెల్మెట్ పెట్టుకుని బయలుదేరాడు.

హెన్రీ దుకాణానికి తాళం వేసి ఉంది. పక్కనే కళ్ళద్దాల షాపు ప్రహ్లాద్‌ది. భుజాన సంచి, చేతిలో ఫైలు, నోట్లో "హెన్రీ గారండీ?" అన్న మాట చూడగానే ప్రహ్లాద్‌కు పాత వసూలు రోజులు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో హెన్రీ అతనితో ఒట్టు వేయించుకున్నాడు, ఎవడొచ్చి అడిగినా నాకు తెల్వదనాలని. స్నేహితుడు ఆ ఒట్టుకు ఇంకాస్త కలిపి చెప్పాడు.

"హెన్రీనా? దుకానం అమ్ముకొని దుబాయ్ పోయిండు గదా!"

శశికిరణ్ రాసుకుని, చాపెల్ రోడ్ సందులోని ఇంటికి వెళ్ళాడు. సుగుణమణి తలుపు తీసింది. స్త్రీల ప్రార్థన కూటం నుంచి అప్పుడే వచ్చింది. తెల్లచీర ఇంకా మార్చలేదు, ఉల్లిగడ్డలు కోస్తోంది, కళ్ళ నిండా నీళ్ళు. ఫైలు చూడగానే ఆమెకూ పాత వసూలువాళ్ళే గుర్తొచ్చారు. కానీ ఆమె సండే స్కూల్ టీచరు, అబద్ధం ఆడదు. అడిగినదానికి మాత్రం, నిజం మాత్రం, తక్కువలో తక్కువ చెబుతుంది.

"హెన్రీ గారు ఉన్నారాండీ?"

"లేడు. పోయిండు."

శశికిరణ్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయ్యో! ఎప్పుడమ్మా?"

"పొద్దుగాలనే."

"బాగానే ఉండేవారా?"

ఈ ప్రశ్న ఆమెకు వింతగా తోచింది. అయినా నిజం చెప్పింది. "బాగనే ఉండె. రాత్రి మంచిగ తిన్నడు. పొద్దుగాల లేచి, స్నానం జేసి, ప్రార్థన జేస్కొని పోయిండు."

"పుణ్యాత్ములండీ," అన్నాడు శశికిరణ్ గొంతు తగ్గించి. "ధైర్యంగా ఉండండమ్మా. ఇవాళ ఆయన, రేపు మనం. అందరం పోవాల్సినవాళ్ళమే."

చేతులు జోడించి వెళ్ళిపోయాడు. వసూలువాళ్ళు ఇదివరకు ఆయన్ని ఒక్కణ్ణే బెదిరించేవాళ్ళు, ఇప్పుడు ఇంటిల్లిపాదినీ పోతారంటున్నారే అని సుగుణమణి తలుపు గడియ పెట్టుకుంది.

ఇల్లు ఒక మాటా దుకాణం ఒక మాటా చెప్పకూడదని ఆఫీసు నియమం. శశికిరణ్ మళ్ళీ ప్రహ్లాద్ దగ్గరికి వచ్చాడు. "దుబాయ్ అన్నారేంటండీ? ఆయన ఇవాళ పొద్దున్నే పోయారంట కదా. వాళ్ళావిడే చెప్పారు, పాపం ఒకటే ఏడుపు."

ప్రహ్లాద్ చేతిలోని కళ్ళద్దాలు కింద పడ్డాయి. నిన్న సాయంత్రం తనతో కలిసి చాయ్ తాగి, చాయ్ చల్లగా ఉందని హోటలువాణ్ణి తిట్టిన మనిషి! షట్టర్ దించేసి, మొజంజాహి మార్కెట్‌కు పోయి, తెల్ల చామంతులతో పెద్ద దండ కట్టించి, దానికి హెన్రీ పేరు రాసిన అట్ట తగిలించుకుని ఆటో ఎక్కాడు.

శశికిరణ్ అక్కడినుంచే బ్యాంకుకు రిపోర్టు పంపేశాడు. ఇవేవీ హెన్రీకి తెలియవు. కోఠిలో రేకులు బేరం చేసి ట్రూప్ బజారు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బయానా రెండు వేలకు కార్డు ఇచ్చాడు. షాపు యజమాని గీకాడు. కార్డు గీకే మిషన్ చీటీ ఇవ్వకుండా కీచుమంది. యజమాని బ్యాంకు నంబరుకు ఫోన్ చేశాడు. వింటున్నకొద్దీ అతని చూపు మారిపోయింది. ఫోన్ పెట్టేసి, కార్డు తీసి గల్లాపెట్టెలో వేసి తాళం తిప్పాడు.

"గీ కార్డు ఆయన పొద్దుగాలనే చచ్చిపోయిండంట. ఇంకా మనిషిని బొంద కూడా పెట్టలే, అప్పుడే కార్డు పట్టుకొచ్చినవా? సిగ్గు లేదా?"

"ఎవడు చచ్చింది? నేనే హెన్రీ!"

"పోలీసులను పిలువాల్నా?"

పొద్దుటినుంచి కారణం కోసం వెతుక్కుంటున్న కోపానికి ఇప్పటికి సరిపడా కారణం దొరికింది. ట్రూప్ బజారు నుంచి అబిడ్స్ దాకా హెన్రీ నడిచిన దారిలో ఆటోలే పక్కకు తప్పుకున్నాయి. బ్యాంకులోకి దూసుకువెళ్ళి భవ్య బల్ల మీద అరచేత్తో కొట్టాడు. పెన్ను స్టాండు ఎగిరి పడింది.

"నేను చచ్చిన్నా?"

భవ్య కంప్యూటర్ చూసింది, మనిషిని చూసింది, మళ్ళీ కంప్యూటర్‌నే నమ్మింది. "రిపోర్టులో అలాగే ఉంది సార్. ఇంటి దగ్గర మీ మిసెస్ చెప్పారు. షాపు దగ్గర మీ ఫ్రెండ్ దుబాయ్ అన్నారట, తర్వాత ఏడ్చారట."

హెన్రీ జేబులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పడేశాడు. భవ్య అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది కరెక్టే సార్. కానీ పోయినవాళ్ళకి కూడా లైసెన్సు ఉంటుంది కదా."

"ఫోటో చూడమ్మా, ఫోటో!"

"ఫోటోలో నవ్వుతున్నారు సార్."

హెన్రీ ఫోన్ తీసి ప్రహ్లాద్‌కు కలిపాడు. "అరే ప్రహ్లాద్, నేనురా హెన్రీని. జర బ్యాంకుకు రా!" అవతల కెవ్వున ఒక కేక, తర్వాత ఏదో ఢామ్మని పడిన చప్పుడు, ఆ తర్వాత ఫోన్ ఆగిపోయింది.

ప్రహ్లాద్ అప్పుడు హెన్రీ ఇంటి గుమ్మంలోనే ఉన్నాడు. సుగుణమణి తలుపు తీసి, దండనూ దాని మీద ఉన్న భర్త పేరునూ చూసి కొయ్యబారిపోయింది. పొద్దున నవ్వుతూ అడగమని తాను చెప్పి పంపిన మనిషి దారిలోనే ఏ బస్సు కిందో పడ్డాడనుకుంది. "ఎక్కడ? ఎట్ల?" అని అరిచింది. "ఇంట్లనే గదా వదినా?" అన్నాడు ప్రహ్లాద్. సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది, ఎత్తగానే హెన్రీ గొంతు వినిపించింది. అతను ఫోన్ విసిరేసి వెనక్కి పడ్డాడు. సుగుణమణి పడలేదు. 'బ్యాంకు' అన్న మాట ఒక్కటి చెవిన పడింది. తెల్లచీరతోనే ఆటో ఎక్కింది. ప్రహ్లాద్ దండతో సహా వెనకే ఎక్కాడు.

ఇద్దరూ బ్యాంకులోకి వచ్చేసరికి హెన్రీ గొంతు వీధి దాకా వినిపిస్తోంది. సుగుణమణి పరిగెత్తి వెళ్ళి భర్త ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉన్నాడు. ఏడ్చింది.

"ఏమే, నేను చచ్చిన్నని చెప్పినవా?"

"నేనెందుకంట? పొద్దుగాల పోయిండని చెప్పిన. పోలేదా నువ్వు?"

ఎక్కడ ఏం జరిగిందో అప్పటికి అందరికీ అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, రిపోర్టు మారడం వేరు. "మేడమూ ఈ సారూ ఇందాకే ఒక స్టేట్‌మెంట్ ఇచ్చేశారు," అంది భవ్య నీరసంగా. "వాళ్ళే మార్చి చెబితే తీసుకోరు సార్. మీ ఇల్లూ దుకాణమూ తెలిసిన బయటి మనిషి ఎవరైనా చెప్పాలి. ఏజెన్సీ సూపర్‌వైజర్‌ని పిలిపించాను."

హెన్రీ లేచి నిలబడ్డాడు. ఈసారి అరవలేదు. మెల్లగానే అన్నాడు. "బాకీ ఉన్నప్పుడు నేను యాడ దాక్కున్నా మీ బ్యాంకులోళ్ళకు దొరికిన. చర్చిల దొరికిన, దవాఖానల దొరికిన, మా నాయనను మట్టి జేసిన కాడ గూడ దొరికిన. పొద్దుమాపు పేరు పెట్టి పిలిచిన్రు. గిప్పుడు పైస బాకీ లేకుంట మీ ముంగట వచ్చి నిలవడితే, నేనెవర్నో మీకు తెల్వదా?"

లోపలి క్యాబిన్‌లో మేనేజరు కర్టెన్ సర్దుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని సూపర్‌వైజర్ వచ్చాడు. నుదుటి మీద పాత మచ్చ, చేతిలో హెల్మెట్, వెనకాల బిక్కుబిక్కుమంటూ శశికిరణ్. హెన్రీ ఆ ముఖం చూశాడు. సాయన్న! పాత కార్డు బాకీకి ఏడాది పాటు తన ఇంటి మెట్ల మీద కూర్చున్న వసూలు సాయన్న. చేతికి దొరికింది ప్రహ్లాద్ తెచ్చిన దండ. ఎత్తి విసిరాడు. అది గాలిలో తిరుగుతూ పోయి సాయన్న మెడలో పడింది.

సాయన్న దండ సర్దుకున్నాడు.

"మేడం, గీయన హెన్రీనే. రాస్కోండి. చేతికి ఏది దొరికితే అది నా మీద ఇసిరేటోడు అబిడ్స్ మొత్తంల ఒక్కడే. ఆ పొద్దు షీల్డు ఇసిరిండు, గిది గా గుర్తే." నుదురు తడుముకున్నాడు. "కప్పుల దుకానం గీయనదే, చాపెల్ రోడ్ ఇల్లు గీయనదే. గా మెట్ల మీద నేను కూసున్నంత సేపు గీయన గూడ కూసోలె. అమ్మ రోజు చాయ్ ఇచ్చేది."

హెన్రీ భార్య వైపు తిరిగాడు. "వీనికి చాయ్ పోసినవా?"

"ఎండల కూసుంటుండె. మనిషి కాడా?"

హెన్రీకి ఏ పక్కకు అరవాలో తేలలేదు. సాయన్న సంతకం పెట్టి, దండ తీసి మర్యాదగా ప్రహ్లాద్‌కు ఇచ్చేసి, "కార్డు యాడున్నది అన్నా?" అని అడిగాడు. ట్రూప్ బజారు గల్లాపెట్టెలో ఉందని తెలిసి తానే బండి మీద ఎక్కించుకుని తీసుకువెళ్ళాడు. సాయన్నను చూడగానే షాపు యజమాని లేచి నిలబడి, గల్లాపెట్టెలోంచి కార్డు తీసి ఇచ్చేశాడు. ఆయనకూ ఒకప్పుడు ఒక కార్డు ఉండేది.

"హెన్రన్నకు మిషన్ ఇయ్యి. నెలనెల కడ్తడు," అన్నాడు సాయన్న.

"లిమిట్ లేదు గదా..."

"కట్టకపోతే నేను పోయి మెట్ల మీద కూసుంట. తొవ్వ నాకెరుకనే."

మిషన్ ఆ సాయంత్రమే అబిడ్స్ చేరింది. దింపేటప్పుడు సాయన్న ఒక పక్క పట్టుకున్నాడు. హెన్రీ చాలా సేపు అటూ ఇటూ చూసి, చివరికి కసిరినట్టే అన్నాడు. "చాయ్ తాగి పో."

నాలుగు రోజులకు భవ్య ఫోన్ చేసింది. గొంతులో సంతోషం. "కంగ్రాట్స్ సార్! సాయన్న గారి రిపోర్టు చాలా బాగా వచ్చింది. 'కోపం ఎక్కువ, ఎగ్గొట్టే గుణం లేదు' అని రాశారు. మీ లిమిట్ యాభై వేలకు పెంచారు."

హెన్రీకి నవ్వు వచ్చింది. చాలా కాలానికి వచ్చిన నవ్వు. "అయితే రేపటినుంచి కార్డు వాడొచ్చా మేడం?"

"అది మాత్రం కొంచెం ఆగాలి సార్. లిమిట్ పెంచేది ఒక డిపార్ట్‌మెంట్, మరణం తీసేసేది ఇంకో డిపార్ట్‌మెంట్. అది బొంబాయిలో ఉంది. నెలాఖరుకి అయిపోవచ్చు."

"అంటే, చచ్చినోనికి పెంచిన్రా లిమిట్?"

"సిస్టంలో రెండూ వేర్వేరు సార్."

ఆ నెలాఖరు దాకా, ఆ బ్యాంకులో పోయిన ఖాతాదారులందరిలోకీ ఎక్కువ లిమిట్ హెన్రీదే.